తువ్వాల కింద మాట

బొంబాయి అన్న మాట వింటేనే నాకు ఒళ్లు మండేది. అరవై నాలుగు ఎండాకాలం మా ఇంట్లో పొద్దున లేస్తే అదే మాట. మా బావ చిన్నయ్య అక్కడ బట్టల మిల్లులో కుదురుకుని, ఊరికి వచ్చిపోయే ప్రతివాడితోనూ తమ్ముణ్ణి రమ్మని కబురు పంపేవాడు. ఆ తమ్ముడే మా ఆయన దేవిదాసు. పోతాననీ అనడు, పోననీ అనడు. అన్నం కలుపుతూ కలుపుతూ ఆగిపోయేవాడు.

"గక్కడ నల్లా నీళ్ల కాడ అందరు ఒక్క లైన్ల నిలవడ్తరట గంగా. నువ్వెవలని అడిగేటోడే లేడట."

"మంచిగైంది. గక్కడ నేను గూడ లేను."

"నువ్వు గూడ రారాదు?"

"మీ అమ్మను ఎవలు జూస్తరు? నీ నల్లా జూస్తదా?"

మా అత్త ముత్తెమ్మకు చూపు ఆనదు. వాకిట్లో ఎవరైనా నిలబడితే నీడను బట్టి పోల్చుకునేది. ఆ ముసలిదాన్ని తీసుకుపోయి బొంబాయిలో ఏ మూల కూర్చోబెడతాం? వదిలి ఎట్లా పోతాం? పసుపు అమ్ముడుపోగానే బయల్దేరాలని ఆయన మనసులో ఉంది. కదలనివ్వకూడదని నా మనసులో ఉంది. ఆ ఎండాకాలమంతా నాకు ఇంకో ధ్యాస లేదు.

సిగ్గెందుకు, చెప్తాను. నాకు ఆయన మీద పిచ్చి. పసుపు ఉడికించే రోజుల్లో ఆయన చేతులు మోచేతుల దాకా పచ్చగా ఉండేవి. కడాయి దగ్గర నుంచి లేచి వచ్చి నన్ను పట్టుకుంటే రవికె మీద వేళ్లు అచ్చుపడేవి. "థూ, ఎవలన్న జూస్తరు," అని కసురుకునేదాన్ని. "అమ్మకు కండ్లు గనవడయి గదా," అని నవ్వేవాడు. "కండ్లే గదరా గనవడంది, చెవులు మంచిగనే ఉన్నయి," అని మా అత్త గోడ అవతల నుంచి అనేది. ఆ రవికె ఎంత ఉతికినా మరక పోలేదని చెప్పేదాన్ని గానీ, పోకూడదనే నేను దాన్ని గట్టిగా రుద్దేదాన్ని కాదు.

మా ఊరు ఆర్మూరుకు నడిచిపోయేంత దగ్గర. మా మామ బతికినన్నాళ్లు ఊరికి నీరడి. అందరి పొలాలకూ నీళ్లు వదిలేవాడు. ఆ చాకిరికి ఇచ్చిన చిన్న మడిలో మేం పసుపు వేసేవాళ్లం. మాలవాడలో పసుపు పండించే ఇల్లు మాదొక్కటే. తవ్వి, ఉడికించి, ఎండబెట్టి, గోనెసంచిలో వేసి చెరో కొసా పట్టుకుని ఇటూ అటూ ఊపి రుద్దితే కొమ్ముకు నునుపు వచ్చేది. అప్పుడు ఆర్మూరు బజారులో మా ఊరి రామకిష్టయ్య సేటు అడ్తి దుకాణానికి మోసుకుపోయేవాళ్లం. సరుకు మాది, కొనేది వ్యాపారులు, మధ్యన బేరం కుదిర్చేది సేటు.

ఆ రోజుల్లో అక్కడ పసుపు ధర నోటితో చెప్పేవాళ్లు కాదు. కొనేవాడూ సేటూ చేతులు కలిపి పైన తువ్వాల కప్పుకునేవాళ్లు. లోపల వేళ్లు నొక్కితే అదే ధర. చుట్టూ నిలబడ్డవాళ్లకు తెలియదు కాబట్టి తర్వాత వచ్చినవాడు తన ధర తాను నొక్కేవాడు. అందరిదీ అయ్యాక సేటు రైతు చెయ్యిని తువ్వాల కిందికి తీసుకుని, వచ్చినవాటిలో పెద్ద ధరను నొక్కేవాడు. రైతు తిరిగి నొక్కితే బేరం కుదిరినట్టే. కాగితం లేదు, సాక్షి లేడు. అయినా తువ్వాల కింద ఒప్పుకుని తప్పినవాణ్ణి ఆ బజారులో ఎవరూ గుమ్మం ఎక్కనివ్వరు.

మా కుప్ప దగ్గరికి వచ్చేసరికి మాత్రం తువ్వాల సేటు భుజం మీదికి పోయేది. మాలోడి చెయ్యి ఎవరు పట్టుకుంటారు? "ఒరే దాసుగా, గింతకు ఇస్తవా?" అని మొదటివాడి ధరనే నోటితో అరిచేవాడు. ఆ అరుపు బజారంతా వినేది. విన్నాక ఇంకెవడు పెంచుతాడు? "మా చేతులతోని రుద్దిన పసుపు మీ దేవుని మొహానికి నడుస్తది, మా చెయ్యే నడువదు," అని నేను పైకే అనేదాన్ని. ఆయన నా కాలు తొక్కేవాడు.

ఆ ఏడు పంచాయతీ ఎన్నికలు సరిగ్గా పసుపు అమ్మకాల మీద వచ్చిపడ్డాయి. మా ఊరి సర్పంచ్ కుర్చీకి ఒకవైపు సేటు, ఇంకోవైపు రాజేశ్వర్ పటేలు. సేటుది ఒక పార్టీ, పటేలుది ఇంకో పార్టీ. అంతకుముందు ఇద్దరూ మా వాడ వైపు మొహమైనా తిప్పినవాళ్లు కాదు. నిజామాబాద్ నుంచి సేటు పార్టీ పెద్దమనిషి ఒకాయన జీపులో వచ్చి, మాలవాడ, మాదిగవాడ ఎటు పోతే ఊరు అటే పోతుందని చెప్పి పోయాడట. మరునాటి నుంచి దాసుగాడు దేవిదాసు అయిపోయాడు.

అప్పుడే మేం సరుకు తీసుకుపోయాం. ఈసారి మొదటివాడితో ఆగకుండా వ్యాపారులందరూ వేళ్లు నొక్కి తప్పుకున్నాక, మా ఆయన వంతు రాగానే సేటు అలవాటు కొద్దీ తువ్వాలను భుజం మీదికి వేసుకోబోయి ఆగాడు. గుమాస్తా హనుమాన్లును కేకేసి, దుకాణం లోపల నుంచి ఇంకో తువ్వాల తెప్పించాడు. మడత విప్పని ఎర్ర అంచు తువ్వాల. దాన్ని దులిపి, "రా దేవిదాసూ, చెయ్యి ఇటియ్యి," అన్నాడు, అందరికీ వినబడేలాగా.

బజారంతా ఇటు తిరిగింది. మా ఆయన ధోవతికి చెయ్యి తుడుచుకున్నాడు, మళ్లీ తుడుచుకున్నాడు. తువ్వాల కిందికి పోయిన ఆ చేతిని నేను చూడలేదు, మొహాన్నే చూస్తున్నాను. పెళ్లినాడు కూడా ఆ మొహం అట్లా వెలగలేదు. నాకు కాస్త రోషం కూడా వచ్చింది. పక్కన కుప్ప పోసుకున్న భీమ్‌గల్ రైతు, "ఏం కాలమొచ్చిందిరా దేవుడా," అంటూ లేచి దూరంగా జరిగాడు. సేటు గొంతు ఇంకా పెంచి, "మా పార్టీల అందరు ఒక్కటే! చూసినోళ్లు చూసినట్టు ఊర్లె చెప్పుండ్రి," అన్నాడు.

వచ్చే దారిలో ఆయన ఆ చేతితో ఏమీ పట్టుకోలేదు. ఖాళీ సంచులన్నీ నా నెత్తికే ఎత్తాడు.

"మస్తు మెత్తగుందే సేటు చెయ్యి."

"పని జేయకుంటే నాది గూడ మెత్తగుంటది. గాని, గా తువ్వాల ఎందుకు మార్చిండు?"

"ఏం తువ్వాల?"

"భీమ్‌గల్ ఆయనకు తెల్లది. సిరికొండ ఆయనకు గదే తెల్లది. నీకేమో లోపల్నుంచి ఇంకోటి తెప్పిచ్చిండు."

ఆయన నడిచేవాడల్లా నిలబడ్డాడు. నా మొహంలోకి జాలిగా చూశాడు. "కొత్త తువ్వాల అంటే మర్యాదనే, పిచ్చిదానా. అల్లునికి కొత్త బట్ట వెట్టరా?"

నేను నోరు మూసుకున్నాను. ఎందుకంటే ఆ పూట ఆయన బొంబాయి మాట ఎత్తలేదు.

మా వార్డు మావాళ్లకే రిజర్వు, వాడ అంతా కలిసి ఆయన్నే నిలబెట్టింది. ఆయనకు ఎదురు నిలబడ్డవాడు లేడు, మెంబరు అయ్యాడు. మిగతా వార్డులు తేలాక చూస్తే సేటు మనుషులూ పటేలు మనుషులూ చెరి సగం. సర్పంచును ఎన్నుకునేది మెంబర్లే. అట్లా ఊరి పెత్తనమంతా తిరిగి తిరిగి వచ్చి మా ఆయన మీద ఆగింది.

సేటు మా వాకిట్లోకి వచ్చాడు. ఊళ్లో పుట్టి ఏనాడూ తొక్కని చోటికి, పట్టపగలు. నులక మంచం వాల్చాను, కూర్చున్నాడు. నీళ్లు తెస్తే, "ఇప్పుడే తాగొచ్చిన బిడ్డా, కడుపుల జాగ లేదు," అన్నాడు. ఆ మండుటెండలో గుక్కెడు నీళ్లకు జాగా లేని కడుపు ఎక్కడైనా ఉంటుందా? చెంబు కింద పెట్టి తలుపు పక్కన నిలబడ్డాను.

"తమ్మీ, నువ్వు నాకు చెయ్యెత్తు. సర్పంచ్ నేను, ఉపసర్పంచ్ నువ్వు. నేను ఊర్ల లేకుంటే నా కుర్చీల కూసునేది నువ్వే."

"నిజమేనా సేటూ?"

"బజార్ల మాట. పట్టు."

అని ఆ ఎర్ర అంచు తువ్వాలనే తీసి ఇద్దరి చేతుల మీదా కప్పాడు. లోపల నొక్కుకున్నారు. తువ్వాల కింద కుదిరింది తప్పదన్నది మా ఆయనకు ఊహ తెలిసినప్పటి నుంచీ తెలిసిన సంగతి. సాయంత్రం పటేలు మనిషి వచ్చి, "గా సేటును నమ్మకు, మా దిక్కు రా, నీ మడి పక్క మడి గూడ ఇప్పిస్తం," అన్నాడు. "బేరం అయిపోయిందన్నా," అని మా ఆయన నవ్వి పంపేశాడు.

ఆ వారమే బొంబాయి పోయేవాడొకడు బావకు కబురేమన్నా ఉందా అని వచ్చాడు. "నేను వస్తలేనని చెప్పు మా అన్నకు. మాకు ఈడనే కుర్చీ దొరికిందని చెప్పు," అన్నాడు. నేను లోపలికి పోయి, ఎవరూ చూడకుండా బియ్యం డబ్బాను కావలించుకుని నవ్వుకున్నాను.

"కుర్చీల కూసుంటే కాళ్లు తిమ్మిరెక్కవా బిడ్డా?" అని మా అత్త అడిగింది.

"అలవాటు జేసుకుంట తియ్యే అమ్మా."

ఆ కొద్ది రోజులు నేను బతికినట్టు మళ్లీ ఎప్పుడూ బతకలేదు. ఆయన పాటలు పాడుతూ వాకిలి ఊడ్చాడు. మగవాడు చీపురు పట్టాడని వాడంతా నవ్వితే, ఉపసర్పంచ్ ఊడుస్తుంటే చూసి నేర్చుకోమన్నాడు. వాడకు బోరింగు వేయించాలి, వానాకాలం దారిలో మొరం పోయించాలి, అని నాకు చెప్పి చెప్పి నిద్రపోయేవాడు. బోరింగు ఎట్లా పోయినా ఫరవాలేదు, మనిషి పక్కన ఉన్నాడు కదా అని నేను.

బడి గదిలో ఎన్నిక. మా వాడ ఆడవాళ్లమంతా కిటికీ అవతల నిలబడ్డాం. నా కొంగు కింద మల్లెపూల దండ ఉంది. పై నుంచి వచ్చిన అధికారి సర్పంచుకు చేతులెత్తమన్నాడు. సేటు పేరు చెప్పగానే మా ఆయన చెయ్యి అందరికంటే ముందు లేచింది. సేటు గెలిచాడు. బయట పటాకులు కాల్చారు. ఆ పొగ ఇంకా కిటికీలోకి వస్తుండగానే ఉపసర్పంచ్ ఎన్నిక మొదలైంది. సేటు మనిషి ఒకడు లేచి భోజన్న పేరు చెప్పాడు.

భోజన్న పటేలు పార్టీవాడు. నిన్నటిదాకా సేటును చౌరస్తాలో నిలబడి తిట్టినవాడు. ఆ పేరుకు సేటు పార్టీ చేతులు లేచాయి, పటేలు పార్టీ చేతులూ లేచాయి. గడియ ముందు ఒకరి మొహం ఒకరు చూసుకోనివాళ్లు ఒక్కటై చేతులెత్తారు. మా ఆయన తన చేతిని రెండో చేత్తో గట్టిగా పట్టుకుని కూర్చున్నాడు. ఆయన పేరు ఎవరూ చెప్పనే లేదు.

మెంబర్లు వరండాలోకి వచ్చాక సేటు దగ్గరికి నడిచాడు. కోపంగా కాదు. పొరపాటు ఎక్కడ జరిగిందో కనుక్కుందామని పోయినట్టు పోయాడు.

"సేటూ, తువ్వాల కింద నొక్కినవ్ గదా."

"నొక్కిన. కాదంటలేను. పైనుంచే వద్దన్నరు దేవిదాసూ, నేనేం జేయాలె? నా కుర్చీల నువ్వు కూసుంటే మావోళ్లు ఒక్కడన్న గీ పార్టీల ఉంటడా? అందరు పోయి పటేలు దిక్కు జేరుతరు. పార్టీ ఖతం. జర అర్థం జేసుకో."

"బజార్ల మాట అన్నవ్."

సేటు అటూ ఇటూ చూసి, గొంతు తగ్గించి, నవ్వు మొహంతోనే, "ఎవలన్న జూసిండ్రా?" అన్నాడు.

"నేను జూసిన!" అని కిటికీ దగ్గర నుంచి అరిచాను. గొంతు చిరిగేలా అరిచాను. సేటు నా వైపు తల కూడా తిప్పలేదు. మా ఆయనే తిరిగి, వద్దన్నట్టు చెయ్యి ఊపాడు.

దండ ఏం చేయాలో తెలియక ఇంటికి తెచ్చి దూలానికి తగిలించాను. మా అత్తకు మల్లెల వాసన తగిలింది. "కూసున్నడా బిడ్డా కుర్చీల?" అని సంబరంగా అడిగింది. నేను పొయ్యి దగ్గరికి పోయి కట్టెలు సర్దాను.

మొదటి మీటింగుకు ఆయన ఉతికిన ధోవతి కట్టుకుని పోయాడు. పోవద్దన్నాను. "వాడ ఎన్నుకున్నది గదనే, పోకుంటే ఎట్ల?" అన్నాడు. నేను నీళ్లు మోసుకుని వచ్చేసరికి తిరిగి వచ్చి గడపలో కూర్చుని ఉన్నాడు.

"ఎట్లయింది?"

"మంచిగనే అయింది."

"యాడ కూసోవెట్టిండ్రు?"

"కుర్చీలు తక్కువ వడ్డయట. నాకు చాప ఏసిండ్రు." నా వైపు చూశాడు. "కొత్త చాపనే గంగా."

నవ్వబోయాడు గానీ నవ్వు రాలేదు. బిందె దించి ఆయన పక్కనే కూలబడి ఏడ్చాను. సేటును తిట్టాను, పటేలును తిట్టాను, వాళ్ల పార్టీలు మట్టిగొట్టుకుపోవాలని తిట్టాను. ఆయన నా వీపు నిమురుతూ ఉండిపోయాడు. చేతి మీద పసుపు పూర్తిగా పోయింది, ఆ కాలానికి ఎప్పుడూ పోయేదే.

వానలు పడే ముందు గుమాస్తా హనుమాన్లు వచ్చాడు. వాకిట్లోకి రాకుండా బాట మీదే నిలబడి, "దేవిదాసూ, నిజామాబాద్‌ల పార్టీ మీటింగు. హరిజన మెంబర్లను స్టేజీ మీద కుర్చీలల్ల కూసోవెడ్తరట, ఫోటోలు తీస్తరట. సేటు జీపుల తీస్కపోతనన్నడు," అన్నాడు.

"గక్కడ కుర్చీ, గిక్కడ చాపనా?" అన్నాను.

"నన్నేం జేయమంటవ్ గంగవ్వా? చెప్పమంటే చెప్పిన."

మా ఆయన తాపీగా, "సేటుకు చెప్పు, నాకు గూడ నిజామాబాద్‌ల పనున్నది. నేను బస్సుకు పోత," అన్నాడు. నిజామాబాద్‌లో ఆయనకు ఉన్న పని ఒక్కటే, మన్మాడు పోయే రైలు ఎక్కడం. అట్నుంచి బొంబాయి. అది ఎవరూ విప్పి చెప్పకుండానే నాకు అర్థమైంది.

ఉండమంటే ఉండేవాడు. గొప్పకు చెప్పటం లేదు, నా మాటకు ఆయన దగ్గర ఆ విలువ ఉంది. మూట కడుతున్నంతసేపూ ఆ మాట నాలుక చివర పెట్టుకునే తిరిగాను. కానీ ఉంటే ఏమవుతుంది? ప్రతిసారీ ఉతికిన ధోవతి కట్టుకుని ఆ చాప మీదికి పోవాలి. అందరి మోకాళ్ల కింద నుంచి తలెత్తి మాట్లాడాలి. నా పక్కన పడుకోవడానికి ఆయన అక్కడ కూర్చోవాలా?

తర్వాత సెలవు దొరికినప్పుడల్లా వచ్చేవాడు, పోయేవాడు. సెలవు మీద వచ్చిన మొగుడితో తనివిదీరా పోట్లాడటానికి కూడా పొద్దు చాలదు. మా అత్త చాలా ఏళ్లు బతికింది, ఆమెను ఏమీ అనను, మంచి మనిషి. ఆమె పోయాక నేను బొంబాయికి బట్టలు సర్దుకుంటుండగానే, మిల్లు దుమ్ము ఊపిరికి అడ్డం పడి ఆయన పోయాడని చెప్పడానికి బావ ఒక్కడే వచ్చాడు. ఇప్పుడు నేను ముసలిదాన్ని. పసుపు ఉడికే వాసన ఏ దిక్కు నుంచి వచ్చినా రవికె భుజం తడుముకుంటాను. ఎవరైనా చూస్తే చూడనీ.

అయినా నా కళ్లకు కట్టేది ఆయన చావు కాదు, ఆర్మూరు పక్కన పెర్కిట్‌లో బస్సు ఎక్కిన ఆ పొద్దు. రోడ్డు పక్కన నిలబడ్డాం. మూట నేను పట్టుకున్నాను, ఆయన ఎంత అడిగినా ఇవ్వలేదు. దూరంగా బస్సు దుమ్ము కనబడ్డాక, ఆయన నా వైపు తిరిగాడు.

"ఉండుమంటవా గంగా?"

"పో."

"గంత కోపంగ అంటవేందే?"

"మంచిగంటె ఏడ్పొస్తది. పో."

మూట తీసుకుని ఎక్కాడు. కిటికీ పక్కన చోటు దొరికింది. ఆ సీటులో ఉన్న రుమాలు చుట్టుకున్న రైతు జరిగి, "కూసో అన్నా, కూసో," అన్నాడు. కూర్చున్నాడు. ఆ మనిషి జేబులోంచి బీడీలు తీసి ఒకటి ఆయనకిచ్చాడు. అగ్గిపుల్ల గీసి, గాలికి ఆరిపోకుండా రెండు చేతులూ అడ్డం పెట్టి, మొహం దగ్గరికి వంగి ముట్టించాడు. ఏ ఊరని అడిగాడేమో గానీ, ఏ వాడని అడిగినట్టు లేదు. మా ఆయన ఏదో చెప్పాడు. ఇద్దరూ భుజాలు తగిలించుకుని పకపకా నవ్వారు.

బస్సు కదిలింది. నేను దాని వెంబడి కొంచెం దూరం నడిచాను. ఆయన ఆ మాటల్లో పడి నా వైపు చూడటమే మరిచిపోయాడు.